వినోద విజ్ఞానము: బాలే నృత్యము



ఈ మాసము మేము మీ యెదుట నుంచదలచినది బాలే యను పాశ్చాత్య నృత్యమును గుఱించిన సంగతులు. పాఠశాలలలోను, సభలలోను, ఇంట దూరదర్శనమునందును ప్రశ్నల పోటీలు జరుగుచున్న కాలమిది. వానిలో బాలేను గుఱించి యొకటి రెండు ప్రశ్నలు తఱచుగా వచ్చుచుండును. పిల్లలు పేర్లను, సంవత్సరములను వల్లించి చెప్పుదురు, చిలుకయు వల్లించును. మేము చిన్ననాడు అమరమును వల్లించితిమి గాని, అర్థము తెలిసిన శ్లోకములే నేటికిని మా మనసున నిలిచియున్నవి. కావున ప్రశ్నకు జవాబునే గాక, జవాబు వెనుకనున్న కథను గూడ చెప్పెదము. ఆ కథలలో స్త్రీలు పడిన పాటెంతయో మీరే చూడగలరు.

బాలే యెచ్చట పుట్టినది? రష్యా యని పలువురు చెప్పుదురు, అది సరికాదు. 15వ శతాబ్దమున ఇటలీ దేశపు రాజాస్థానములలో విందులకును, వివాహములకును ప్రభువులు, దొరసానులు కలిసి యాడిన యాటలే దానికి మూలము. 1533లో ఇటలీ కన్య కాతరీన్ ద మెదిచి ఫ్రాన్సు రాజకుమారుని పెండ్లాడి యత్తవారింటి కేగెను. ఆమె పుట్టినింటి వేడుకలపై మక్కువను విడువలేదు. ఆమె కుమారుడు రాజ్యమేలుచుండగా, 1581లో పారిసు నగరమున పాటను, పద్యమును, ఆటను ఒక్క కథగా కూర్చి ప్రదర్శించిన దానినే తొలి బాలేగా చరిత్రకారులు పలువురు లెక్కింతురు.

బాలేలో వాడు మాటలన్నియు ఫ్రెంచి మాటలేల? 14వ లూయీ రాజు స్వయముగా నర్తకుడు. 1653లో ఉదయించు సూర్యుని వేషము ధరించి యాడెను. 1661లో నృత్యమునకు ప్రత్యేకముగా విద్యాపీఠమును స్థాపించెను. ఆయన గురువగు పియేర్ బోషాం పాదముల నుంచవలసిన తీరులను ఐదుగా నిర్ణయించెనని ప్రసిద్ధి. నాటినుండి మాస్కోలో నేర్చినను, టోక్యోలో నేర్చినను మాటలవియే. మోకాళ్లు వంచుట ప్లియే. ఒంటికాలిపై గిరగిర తిరుగుట పిరుయెట్. ఒక కాలిపై నిలిచి రెండవ కాలిని వెనుకకు చాచుట అరబెస్క్. గుండ్రముగా విప్పారు పలుచని పావడ టూటూ. మన సంగీతమున ఎంతటి విద్వాంసులకైనను స్వరసాధన తప్పనట్లే, ఎంతటి నర్తకియైనను ప్రతిదినము గోడప్రక్కనున్న కఱ్ఱను పట్టుకొని ప్లియేతోనే సాధన మొదలుపెట్టును.

రంగస్థలముపై స్త్రీ యెప్పుడు కాలు మోపెను? రాజభవనములలో దొరసానులు ఆడుచుండిరి గాని, పారిసు నాటకశాలలో ప్రజల యెదుట స్త్రీ వేషములను ముఖమునకు తొడుగులు ధరించి పురుషులే యాడుచుండిరి. మన కూచిపూడి భాగవతులలో పురుషులే సత్యభామ వేషము కట్టిన సంప్రదాయము మీకు తెలిసినదే. 1681లో మద్మొజెల్ ద లా ఫోంతేన్ అనునామె మఱి ముగ్గురు స్త్రీలతో గూడ ఆ రంగమున నాడి మొదటి వృత్తి నర్తకి యని పేరొందెను. అయినను ఆ స్త్రీలు నేలపై జీరాడు బరువైన దుస్తులతో ఎగురుటెట్లు? తరువాత మరీ కమార్గో అనునామె తన పాదముల నేర్పు కనబడవలెనని పావడను చీలమండల పైకి కత్తిరించెను. ఆమె సమకాలికురాలు మరీ సాల్లే 1734లో లండనునందు బరువైన యుడుపులను మాని, పలుచని నూలు వస్త్రము కట్టి, జుట్టు విరియబోసి, తాను కూర్చిన బాలేను తానే యాడెను. జానెడు గుడ్డ కొఱకు జరిగిన వాదమని నవ్వరాదు; ఆ జానెడు గుడ్డ తొలగనిచో నేటి నృత్యము లేదు.

మునివేళ్లపై నిలుచుట యెవరు నేర్పిరి? 1832లో పారిసున 'లా సిల్ఫీద్' అను బాలేలో మరీ తాల్యోనీ గంధర్వకాంత వేషమున మునివేళ్లపై నిలిచెను. అట్లు నిలిచినవారిలో ఆమె మొదటిది కాదు. గారడివలె నుండిన దానిని భావముగా మార్చినది ఆమెయే. ఆ బాలేను కూర్చినవాడును, ఆమెను కఠినముగా శిక్షించినవాడును ఆమె తండ్రియే. నర్తకి చెప్పుల ముందు భాగము కొయ్యతో చేయుదురని పలువురు తలంతురు. అది పొరపాటు. గుడ్డ, కాగితము పొరలుపొరలుగా జిగురుతో అంటించి గట్టిపఱతురు. ప్రధాన నర్తకి కొన్ని ప్రదర్శనలలో ఒక్క సాయంకాలమునకే ఒక జత నరుగదీయును.

ఇక పోటీలలో అరుదుగా అడుగుదురు గాని, తప్పక తెలిసికొనవలసిన పేరొకటి కలదు: ఎమ్మా లివ్రీ. ఈమె తాల్యోనీకి ప్రియశిష్యురాలు. 1860లో గురువే ఈమె కొఱకు 'సీతాకోకచిలుక' యను బాలేను కూర్చెను. అందలి నాయిక ఱెక్కలు దివిటీ మంటకు మాడిపోవును. నాడు రంగస్థలమున గ్యాసు దీపములుండెను. వానివలన అపాయమని, మంట నంటని ద్రావకమున ముంచిన దుస్తులనే ధరింపవలెనని యాజ్ఞ యుండెను. అవి బిరుసుగా, మాసినట్లు కనబడునని ఎమ్మా యంగీకరింపలేదు. 1862 నవంబరులో అభ్యాసము జరుగుచుండగా ఆమె పావడకు దీపపు మంట యంటుకొనెను. ఎనిమిది మాసములు బాధపడి, 1863 జూలైలో ఇరువదియేండ్ల ప్రాయమున కన్నుమూసెను. కాలగా మిగిలిన ఆమె వస్త్రపు పేలికలను పారిసునందు భద్రపఱచి యుంచిరి. అందము కొఱకు అపాయమును తేలికగా చూచుట ఆమె యొక్కర్తెతోనే పోలేదు. జారు పైటతో, పలుచని కృత్రిమ నూలు చీరతో పొయ్యివద్ద నిలుచు మనము ఈ కథను ఒక సంవత్సరముగా మాత్రమే గాక, హెచ్చరికగా గూడ జ్ఞాపకముంచుకొనవలెను.

చిత్రకారుడు దెగా 1881లో ప్రదర్శించిన పదునాలుగేండ్ల చిన్న నర్తకి బొమ్మను గుఱించియు అడుగుదురు. మైనముతో చేసి, నిజమైన గుడ్డ పావడ తొడిగిన బొమ్మ యది. ఆ బాలిక పేరు మరీ వాన్ గోతెం. ఆమె తల్లి చాకలిపని చేసి బ్రతికినది. నాడు పారిసునందు పేదయింటి పిల్లలే కూలి కొఱకు నాటకశాలలో చేరుచుండిరి. తెఱవెనుకకు ధనవంతులకు ప్రవేశముండెను. దానివలని కీడు వేఱుగ చెప్ప నక్కఱలేదు. మరుసటి యేట ఆ బాలికను పనినుండి తొలగించిరి. బొమ్మ మాత్రము కంచున పోతపోయబడి దేశదేశముల ప్రదర్శనశాలలలో నిలిచియున్నది.

మన దేశమునకు బాలేతో సంబంధమున్నదా? కలదు. 1838లో పుదుచ్చేరి ప్రాంతమునుండి దేవదాసీల మేళమొకటి పారిసునకు పోయి యాడెను. వారిలో అమని యను నామెను చూచి తెయోఫిల్ గోత్యే యను కవి యెంతయు ముగ్ధుడయ్యెను. 1841లో వచ్చిన 'జిజెల్' అను ప్రసిద్ధమైన బాలే కథను కూర్చినవారిలో నితడొకడు. కాళిదాసుని శాకుంతలమును 1858లో పారిసున బాలేగా ఆడినపుడు కథ సమకూర్చినవాడును ఇతడే. 1877లో సెంట్ పీటర్సుబర్గున మరియుస్ పెతిపా 'లా బయదేర్' అను బాలేను కూర్చెను. ఆ పేరునకు మూలము నర్తకి యను నర్థమిచ్చు పోర్చుగీసు మాట. ఇందు నాయిక దేవాలయ నర్తకి. సవతియగు రాజపుత్రిక పన్నాగముచేత పూలబుట్టలోని పాము కాటునకు మరణించును. ఆ కథలోని సోలోర్, గంజాత్తి వంటి పేర్లు మన గ్రంథములలో నెచ్చటను కానరావు. అది వారు ఊహించుకొన్న హిందూదేశము.

సంగీతకర్త చైకోవ్‌స్కీ కూర్చిన బాలేలు మూడు: 'హంసల కొలను' 1877, 'నిదురించు సుందరి' 1890, 'నట్‌క్రాకర్' 1892. మొదటిది మాస్కోలో అంతగా రాణింపలేదు. ఆయన 1893లో మరణించెను. 1895లో పెతిపా, ఇవానోవ్ అనువారు దానిని తిరిగి కూర్చిన పిమ్మటనే లోకప్రసిద్ధి కలిగెను. అందు తెల్లహంసయగు ఓదెత్, మోసకత్తెయగు ఓదీల్ అను రెండు పాత్రలను సాధారణముగా ఒక్క నర్తకియే యాడును. పియెరీనా లెన్యానీ ఒంటికాలిపై వరుసగా 32 చుట్లు తిరిగినది ఈ ప్రదర్శనముననే.

రష్యా నర్తకి యన్నా పావ్లోవా 1922లో మన దేశమునకు వచ్చెను. మఱుసటి యేట ఉదయశంకరునితో గూడి లండనున రాధాకృష్ణుల నృత్యము నాడెను. తరువాత రుక్మిణీదేవి ఆమె స్నేహమునొంది, బాలేను నేర్వసాగినపుడు, మీ దేశపు కళను వెదకుకొనుమని పావ్లోవా ప్రోత్సహించెను. 1936లో మదరాసు అడయారున రుక్మిణీదేవి స్థాపించిన సంస్థయే కళాక్షేత్రముగా వర్ధిల్లినది. పరుల విద్యను నేర్పవచ్చిన శిష్యకు స్వంత విద్యను చూపినదే నిజమైన గురువు గదా!

బాలేలో స్త్రీ ఆడునదే గాని నడపునది కాదను మాటయు చెల్లలేదు. లండనున నేడు రాయల్ బాలే యనబడు సంస్థకు 1931లో నినెత్ ద వల్వా పునాది వేసెను. కన్నులు మిక్కిలి మందగించినను అలీసియా అలోన్సో 1948లో క్యూబా దేశమున తన బృందమును స్థాపించి, దీపపు వెలుగుల గుఱుతుతో రంగమున నాడెను.

మీ పిల్లలను ప్రశ్న లడుగునపుడు 1681 అని చెప్పగానే చాలునని యూరకుండక, అంతకు ముందెవరాడిరని, ఏల యాడిరని గూడ అడుగుడు. జవాబు చెప్పలేకున్నను దోషము లేదు. ఆ ప్రశ్నయే వారిని పుస్తకము వద్దకు నడిపించును.