చౌక ఎయిర్ గన్‌కు గట్టి స్ప్రింగు అడిగినవాళ్లకు

పోస్టు కొంచెం పొడుగు. తీరిక ఉన్నప్పుడు చదవండి.

పోయిన నెల మా అక్క కొడుకు ఒక ఎయిర్ గన్ తెచ్చి నా ముందర పెట్టినాడు. చైనాలో తయారైంది, బెంగళూరులో ఎవరో వాడి తక్కువకు అమ్మినారంట. కింద ఉన్న లివర్ లాగి స్ప్రింగు ఎక్కించే రకం. "మామా, దీని దెబ్బ చాల్లేదు. గట్టి స్ప్రింగు వేసి ఇయ్యి. చెనక్కాయ చేన్లోకి పందులు వస్తాండాయి" అన్నాడు. వాడొక్కడే అయితే ఇంట్లోనే మాట్లాడుకొని ఉండేవాణ్ణి. మన గ్రూపులో కూడా ఇద్దరు ముగ్గురు ఇదే అడిగినారు కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నా. నేను స్ప్రింగు మార్చను. మీరూ మార్పించుకోవద్దు.

బోరు మోటారు నీళ్లు ఎత్తకపోతే ముందు కరెంటు వస్తాందా, కేబులు తెగిందా, నీళ్లే తగ్గినాయా అని చూస్తాం. చూడకుండానే పెద్ద మోటారు కొని దించేవాణ్ణి ఊరంతా నవ్వుతుంది. తుపాకీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ తెలివి ఎక్కడికి పోతుందో!

సరే, పరీక్ష చేద్దామని కూర్చున్నా. మొదటి ఇబ్బంది చోటు. మా చిన్నప్పుడు ఊరి బయట ఏ గట్టుకు ఎదురుగా నిలబడినా సరిపోయేది. ఇప్పుడు మన క్యాతగానచెర్లు, వల్లూరు, రాయచెర్లు, బలసముద్రం, తిరుమణి, ఈ ఐదూళ్ల భూముల్లో దాదాపు 13 వేల ఎకరాల సోలార్ పార్కు. ఎటు తిరిగినా అద్దాలే. ఆ పలక ఒక్కచోట పగిలిందంటే మొత్తం సాలెగూడు మాదిరి అయిపోతుంది. అందుకని పాత పశువుల కొట్టంలో గోడకు ఇసుక మూటలు పేర్చి, వాకిలికి గొళ్లెం వేసి, పది మీటర్ల దూరం కొలుచుకున్నా.

మొదట తెచ్చింది తెచ్చినట్టే కాల్చినా. పది గుండ్లు జొన్నరొట్టె అంత మేర చెదిరినాయి. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఒక మిత్రుని దగ్గర ఇప్పించుకున్నా. ఒక గుండు సెకనుకు 165 మీటర్లు పోతే ఇంకోటి 130 పోతాంది. స్ప్రింగుకు బలం లేకపోతే అన్నీ తక్కువే పోవాల గదా? ఒకటి బాగా, ఒకటి పేలవంగా పోతాందంటే గాలి ఎక్కడో తప్పించుకుంటోందని అర్థం. గొట్టం వెనక అతుకు దగ్గర పల్చని కాగితం ముక్క అతికించి కాల్చి చూసినా. కాగితం ఎగిరిపోయింది. అక్కడి ఓరింగు ఎండి చీలిపోయి ఉంది.

కర్రకూ ఇనుముకూ మధ్య స్క్రూలు మూడూ వదులు. స్ప్రింగు తుపాకీ కాల్చినప్పుడల్లా ముందుకూ వెనక్కూ అదురుతుంది, స్క్రూలు వాటంతట అవే వదులవుతాయి. ఇక లోపల కుట్టుమిషను నూనె వరద! మావాడు జోరు పెరుగుతుందని పోసినాడంట. గాలి ఒక్కసారిగా నొక్కుకుపోయినప్పుడు ఆ వేడికి నూనె డీజిలు ఇంజన్లో మాదిరి మండుతుంది. ఠప్ అని శబ్దం పెద్దగా వస్తుంది, సంతోషంగా ఉంటుంది, సీలు మాత్రం కాలిపోతుంది. నూనె తుడిచి, ఓరింగు మార్చి, స్క్రూలు బిగించి, గొట్టం శుభ్రం చేసినాక మళ్లీ కాల్చినా. వేగం 160 దగ్గర నిలబడింది. పది గుండ్లు పది రూపాయల బిళ్ల కింద దాక్కున్నాయి. ఖర్చు ఒక ఓరింగు.

ఇక్కడ ఆగి ఉంటే ఈ పోస్టు సంతోషంగా ముగిసేది.

ఈ రకంలో లివర్ లాగితే స్ప్రింగుతో పాటు గాలి గది కూడా వెనక్కి జరుగుతుంది. ఆ సందులో వేలు పెట్టి గుండును గొట్టంలోకి తోయాల. అంతసేపూ స్ప్రింగు బలమంతా ట్రిగ్గరు లోపలి చిన్న కొక్కెం మీద ఉంటుంది. లివర్ వెనక్కి పోకుండా ఆపే పళ్ల పట్టీ ఒకటి ఉంటుంది గానీ, దీంట్లో అది అరిగి నున్నగా అయింది. నేను తుపాకీని మంచానికి కట్టి, వేలు పెట్టే చోట బెండకాయ పెట్టి, కర్ర మీద రబ్బరు సుత్తితో మెల్లగా తట్టినా. మూడో దెబ్బకు కొక్కెం జారింది. బెండకాయ రెండు ముక్కలు.

మావాడు దాన్ని రెండు నెలల నుంచి వాడుతున్నాడు. వాని చెల్లెలు, తొమ్మిదేళ్ల పిల్ల, గుండు పెట్టే పని నాది అని పోటీ పడుతుందంట.

ఇప్పుడు చెప్పండి, ఆ కొక్కెం మీద ఇంకా గట్టి స్ప్రింగు పెట్టమంటారా? ఆకురాయితో అరగదీసి పదును చేస్తామనే మెకానిక్కులు ఉన్నారు. కొక్కెం పైన గట్టిపరిచిన ఇనుము పల్చటి పొర మాత్రమే. ఆ పొర పోయినాక లోపలిది మెత్తన, పది రోజులు పట్టి మళ్లీ జారుతుంది. సరైన విడిభాగం దొరికితే మార్చవచ్చు, దొరక్కపోతే ఆ తుపాకీ కథ అక్కడితో సరి.

పందుల మాటకు వస్తాను. దీని జోరు ఏడు జౌల్స్‌కు కొంచెం తక్కువ. దాన్ని రెట్టింపు చేసినా పంది చావదు, గాయంతో తిరుగుతుంది, ఎదురు తిరుగుతుంది. అది కూడా వన్యప్రాణి చట్టం కిందికే వస్తుంది. చేన్లోకి వచ్చే నెమలికి తగిలితే మూడేళ్లకు తక్కువ కాని జైలు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 20 జౌల్స్ లోపు, 4.5 మిల్లీమీటర్ల గొట్టం ఉంటేనే లైసెన్సు అక్కర్లేదు. అర గ్రాము గుండు సెకనుకు 280 మీటర్ల దగ్గరికి పోయిందంటే ఆ గీత దగ్గరికి వచ్చినట్టే. క్రోనోగ్రాఫ్ లేకుండా స్ప్రింగు మార్చినవాడికి దాటినాడో లేదో ఎట్ల తెలుస్తుంది?

హైదరాబాదు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. ఆ పోటీ తుపాకులు కొట్టేది ఏడెనిమిది జౌల్స్. పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. మన పిల్లలకు గురి నేర్పాలంటే ఉన్న జోరే ఎక్కువ.

మావాని తుపాకీ స్ప్రింగు తీసి నా దగ్గరే పెట్టుకున్నా. తీసేటప్పుడు కూడా బిగింపు చట్రం వాడినా, లేకపోతే వెనక బిరడా మొహం మీదికి ఎగురుతుంది. "నా బిడ్డ డబ్బు పెట్టి కొన్నది నువ్వెట్ల ఆపుతావు" అని అక్క కోపంగా ఉంది. రెండు వారాలుగా ఫోన్ ఎత్తడం లేదు. కొక్కెం కోసం వెతుకుతున్నా, ఇంకా దొరకలేదు.

మీ ఇళ్లలో ఇట్లాంటివి ఉంటే ఆదివారం పొద్దున కొట్టం దగ్గరికి తీసుకురండి, గుండు ఎక్కించకుండా. ఇసుక మూటలు, సుత్తి నా దగ్గర ఉన్నాయి. బెండకాయలు మాత్రం ఎవరివి వాళ్లే తెచ్చుకోండి.