వెలకు దొరకు వ్యాసములు

గణితపత్రికకు వ్యాసము పంపుట యెట్లని కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల యధ్యాపకులలో మాట పుట్టినప్పుడెల్ల మేము మొదట వినుచున్న ప్రశ్న "రుసుమెంత?" అనునదియే. అందేమి నిరూపింపబడినదను ప్రశ్న పిదప వచ్చిన వచ్చును, రాకున్న లేదు. సొమ్ము ముట్టిన వారములోపల అచ్చొత్తి పంపెడి పత్రికలు గలవు. ఉపపత్తిలో దోషమున్నను వానికి బాధ లేదు. పీహెచ్.డీ. గ్రంథమునకు ముందొక వ్యాసము ప్రకటింపవలెనను విధి యూజీసీవారి 2016 నాటి నియమములలో నుండి, 2022 నియమములలో తొలగిపోయినది. విధి పోయినను వ్యసనము పోలేదు.

"మారుమూల జిల్లాలవారము, మా వ్రాత నెవరు చదువుదురు?" అని కొందఱు సమాధానము చెప్పుచున్నారు. ఈ మాట మేమొప్పము. కరీంనగరమున శాతవాహన విశ్వవిద్యాలయము, బాసరలో 2008 నుండి ట్రిపుల్ ఐటీ యుండగా ఇంకను మారుమూల యేమి? భారతీయ గణితశాస్త్ర సంఘమునకు బీజము 1906 డిసెంబరు 25వ తేదీన గుత్తినుండి డిప్యూటీ కలెక్టరు రామస్వామి అయ్యరు మిత్రులకు వ్రాసిన యుత్తరము. గుత్తి యేపాటి మహానగరము? ఆ సంఘపు పత్రికయందే 1911లో రామానుజన్ మొదటి వ్యాసము, బెర్నౌలీ సంఖ్యలను గూర్చినది, వెలువడెను. నాడాతనికి పట్టము లేదు, ఉద్యోగము లేదు. నెల్లూరు కలెక్టరు రామచంద్రరావుగారిచ్చిన నెలసొమ్మే యాధారము. అయినను సంపాదకులు నారాయణ అయ్యంగారు దయదలచి యూరకుండలేదు. నడుమ మెట్లు విడిచి వ్రాసిన యా వ్రాతప్రతిని పలుమారులు త్రిప్పి పంపి, స్పష్టముగా వ్రాయించిరి. రామానుజన్ అంతటివాడే తిరుగ వ్రాసెను గదా!

మనవారికి మాత్రము వ్రాతప్రతి తిరిగివచ్చుట యవమానముగా దోచుచున్నది. పరిశీలకుడు తప్పు చూపినచో నది దక్షిణ లేక దొరకిన గురుబోధ. తన సిద్ధాంతము నిదివఱకే యెవరైన నిరూపించిరేమో వెదకుట, మెట్టు విడువక వ్రాయుట, పెఱవారి ఋణము నొప్పుకొనుట, ఒకేసారి రెండు పత్రికలకు పంపకుండుట, నెలలకొలది వేచియుండుట, వీనిలో దేనికిని కాసు చెల్లింపనక్కఱలేదు. రచయితవలన నేమియు గ్రహింపని మంచి గణితపత్రికలు నేడును పెక్కులున్నవి.

ఈ పాపములో గృహస్థులకు పాలు లేదనుకొనరాదు. పేరునకు ముందు "డాక్టరు" చేరినంతనే వరుని వెల పెంచువారు వారే గదా. వ్యాసములెన్నియని యడుగు మామగారలారా, వానిలో నొక్కదాని ఉపపత్తిని నల్లబల్లపై వ్రాసి చూపుమని యడిగి చూడుడు.