చిన్న కేటమరాన్‌లో నిలబడాల్సిందేనా?

నా ఎత్తు 6 అడుగుల 1 అంగుళం. హాస్టల్లో కింది బంక్ మీద కూర్చుంటే పై మంచం తలకి తగులుతుంది. అయినా నేననేది ఇదే: 26 అడుగుల్లోపు కేటమరాన్‌లో నిలువెత్తు కేబిన్ అడగకూడదు. (నేనింతవరకు సముద్రంలో పడవెక్కలేదు, డ్రాయింగులే చూశాను. నవ్వుకోండి.)

కేటమరాన్ అంటే రెండు సన్నటి హల్స్, మధ్యలో వంతెనలాంటి డెక్. ఆ డెక్ మీద గది కట్టి అందులో నిలబడాలంటే కప్పు పైకి లేపాలి, లేదా నేల కిందికి దించాలి. కప్పు లేపితే గాలి దాన్నే పట్టుకుని తోస్తుంది, బరువు కూడా పైకి చేరుతుంది. నేల దించితే నీళ్ళకీ దానికీ మధ్య ఖాళీ తగ్గి, అలలు కింద నుంచి దబదబా బాదుతాయి. పెద్ద పడవలో ఈ ఎత్తు ఇట్టే కలిసిపోతుంది. పడవ చిన్నదైతే మాత్రం మనిషి చిన్నవాడైపోడు కదా!

జేమ్స్ వార్రమ్ తన చిన్న డిజైన్లలో ఆ గదే పెట్టలేదు. పడకలు హల్స్‌లోనే, కూర్చునేంత ఎత్తుతో. ఆయన గీసిన 21 అడుగుల టికి 21లో రోరీ మెక్‌డూగల్ 1991లో బయల్దేరి 1997కల్లా ప్రపంచం చుట్టేశాడు.

రోజంతా వంగి ఉంటే నడుం పోతుందంటారు. నిజమే. లంగరేశాక డెక్ మీద టెంటు వేసుకుని, అందులో తీరిగ్గా ఒళ్ళు విరుచుకోవచ్చు. నడిసముద్రంలో మాత్రం ప్యాంటు కూర్చునే తొడుక్కోవాలి.