ఏడో వచనం నుంచే ఎందుకు చదువుతారు?

ఈమధ్య మా పల్లెలో ఆదివారం సాయంత్రాలు కూచుని బైబిల్లో యాకోబు పత్రిక చదువుతున్నాం. పత్రిక అంటారు గానీ అది సుమారు రెండువేల ఏళ్ళ నాటి ఉత్తరం. కలుపు తీసొచ్చిన ఆడవాళ్ళు, తాపీపనికి పోయే కుర్రాళ్ళు, మావంటి పంతుళ్ళు ఇద్దరు ముగ్గురు, అంతే మనుషులం. అయిదో అధ్యాయం తీసిన రోజు ఒక ముసలామె అడిగింది: "ఏం నాయనా, చిన్నప్పట్నించీ ఇది వింటన్నా. ఎప్పుడు విన్నా ఓర్చుకోండి అన్నకాడ్నించే మొదలుపెడతారు. దానికి ముందు ఏవుందో ఒక్కరూ చెప్పలేదే?"

మాకు నోట మాట రాలేదు. డిగ్రీలు చదివి పిల్లలకు పాఠాలు చెప్పే మేము కూడా ఏడో వచనం నుంచే విన్నాం. ఏడో వచనం నుంచే నమ్మాం.

ముందు ఆరు వచనాలున్నాయి. ఆ ఆరూ డబ్బున్నవాళ్ళ మొహాన చెప్పిన మాటలు. మీరు దాచిన సొత్తు కుళ్ళిపోయింది, పెట్టెల్లో బట్టలు పురుగు తినేసింది, మీ బంగారానికి పట్టిన తుప్పే మీమీద సాక్ష్యం చెబుతుంది అంటాడు యాకోబు. ఎందుకు? మీ పొలం కోసినవాళ్ళ కూలి ఎగ్గొట్టారు కాబట్టి. ఆ కూలే కేకలు పెడుతోందట. కోతగాళ్ళ గోడు దేవుడి చెవిన పడిందట. ఇది ఏ కూలిసంఘం వాళ్ళో వేసిన కరపత్రం కాదు, మన చంకలో పెట్టుకుని తిరిగే పుస్తకంలో మాట.

యాకోబు ఇది కొత్తగా కనిపెట్టలేదు. కూలివాడి డబ్బు తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండం 19వ అధ్యాయంలో ఉంది. పొద్దుగూకకముందే ఇచ్చెయ్యమని ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో ఉంది. మన దేశంలో కనీస వేతనాల చట్టం 1948లో వచ్చింది. 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టం పదిహేను రోజుల్లో కూలి ఇవ్వాలని రాసుకుంది. మోషే చట్టంలో గడువు పొద్దుగూకేదాకా. ఆసామి చట్టంలో గడువు పంట అమ్మిందాకా, ఆ తర్వాత పండగ పోయిందాకా!

సరే, ఓర్పు సంగతే చూద్దాం. ఓర్చుకోమని యాకోబు అన్నమాట నిజమే. వానకోసం ఎదురుచూసే రైతును చూపించాడు. ఆ రైతు చేతులు ముడుచుకుని చూడటం లేదు, విత్తి చూస్తున్నాడు. ఇంకా ఎవర్ని చూపించాడు? యోబును. యోబు నోరు మూసుకున్నవాడా? దేవుడితోనే వాదం పెట్టుకున్నాడు. ఏలీయా పేరు ప్రార్థన దగ్గర చెప్పాడు. ఆ ఏలీయా ఎవరు? అహాబు రాజుకు నాబోతు ద్రాక్షతోట మీద కన్నుపడింది. తాతల భూమి ఇవ్వనన్నాడు నాబోతు. దొంగసాక్ష్యాలు పెట్టి అతన్ని రాళ్ళతో కొట్టి చంపించారు. తోట స్వాధీనం చేసుకోను రాజు పోతే ఏలీయా ఆ తోటలోకే పోయి నిలదీశాడు. భూమి పోగొట్టుకున్న మనకు ఈ కథ వేరే విడమర్చి చెప్పాలా?

ఆరో వచనంలో నీతిమంతుణ్ణి చంపారన్న మాట ఉంది. 1985 జూలై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్ళను చంపినవాళ్ళకు ఆ వచనం ఎవరు చదివి వినిపించారు? చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే 2014లో హైకోర్టు కొట్టేసింది. ఓర్చుకోమన్న ప్రసంగం మాత్రం మన పేటల్లో ఏ ఆదివారమూ ఆగలేదు.

మన తాతల నాడు ఇట్లా లేదు. 1876-78 కరువులో ఒంగోలు క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని మాదిగలకు కూలి దొరికేటట్టు చేశాడు. కూటికోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు తీరేదాకా బాప్తిస్మాలు ఆపాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. ముందు కూలి, తర్వాతే బాప్తిస్మం.

ఇక మన సంగతి. ఆసాముల్ని తిట్టి ఇంటికి పోతే చదువు సగమే అయినట్టు. అధ్యాయాలుగా విడగొట్టింది తర్వాతి కాలంవాళ్ళు. కాబట్టి నాలుగో అధ్యాయం చివర కూడా కలిపి చదవాలి. రేపు ఫలానా పట్నం పోతాం, ఏడాదికి ఇంత లాభం తీస్తాం అనేవాళ్ళ గర్వం అక్కడుంది. చెయ్యాల్సిన మంచి తెలిసి కూడా చెయ్యకపోతే అది పాపం అన్నమాటా అక్కడే ఉంది. ఆ మాట మా నౌకరీగాళ్ళకు సూటిగా తగిలింది. పట్నంలో ఇల్లు కట్టుకుని క్రిస్మస్‌కు మాత్రం పల్లెకొచ్చి ముందు కుర్చీలో కూచునేది మేమే. పోయినేడు కానుకల డబ్బుతో మైకుసెట్టు కొన్నాం. అదే నెలలో మా పేటలో ఒక ఆడకూతురు మొగుడి ఆస్పత్రి ఖర్చుకు చెవికమ్మలు తాకట్టు పెట్టింది. మాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాం. జబ్బుచేసినవాళ్ళ దగ్గరికి సంఘపెద్దలు పోవాలని అదే అధ్యాయం చివర రాసుంది. తప్పులు ఒకరితో ఒకరు ఒప్పుకోవాలనీ రాసుంది. పెద్దలు చిన్నవాళ్ళ ముందు ఒప్పుకోకూడదని ఎక్కడా లేదు. అందుకే ఇక్కడ ఒప్పుకుంటున్నాం.

మేము మూడు పనులు అనుకున్నాం. ఈ అధ్యాయం ఎప్పుడు చదివినా మొదటి వచనం నుంచే చదవాలని పాస్టరు గారిని అడిగాం. ఎవరికి ఎన్నాళ్ళ కూలి బాకీ ఉందో రాసే నోటుబుక్కు ఒకటి పెట్టాం, దాన్ని పట్టుకుని నలుగురం కలిసి ఆసామి గడపకు పోతాం. కానుకల్లో కొంత భాగం జబ్బు మనుషులకని విడిగా తీస్తాం. చెవికమ్మలు విడిపించటంతో మొదలుపెట్టాం.

మాల సంఘమైనా, మాదిగ సంఘమైనా, బైబిలు పట్టనివాళ్ళయినా మీ పేటలో ఈ ఆరు వచనాలు గట్టిగా చదవండి. మైకు ఎటూ కొన్నాం గదా, ఊళ్ళోకి వినపడేటట్టే చదువుదాం!

జై భీమ్.