కమానుల మీద బోర్డుల పెత్తనం

మదీనా కూడలి నుంచి చార్మినార్ వైపు నడిచే వేలాది మంది రోజూ పత్తర్‌గట్టిని దాటుతారు. దాటుతారే కానీ చూడరు, చూడనివ్వరు కనుక. రోడ్డుకు ఇరువైపులా గ్రానైట్ రాతితో వరుసగా నిలబెట్టిన కమానుల మీద, వాటి మధ్య స్తంభాల మీద ఎవరికి తోచిన కొలతలో వారు బోర్డులు బిగించారు. ముత్యాల దుకాణం బోర్డు పక్కనున్న బట్టల దుకాణం బోర్డును తోసేస్తుంది. దానికి జవాబుగా అటువాళ్లు ఇంకో రెండడుగులు పెంచుతారు. ‘పత్తర్’ అంటే రాయి. పేరులో మిగిలిన రాయి వీధిలో కంటికి ఆనడం లేదు.

ఇలా బోర్డులు పెట్టడం వ్యాపారి ఇష్టమని అనుకునేవారు ఈ వీధి పుట్టుకను గుర్తు చేసుకోవాలి. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచెత్తింది. ఆ విషాదం తరువాత నగరాన్ని తీర్చిదిద్దడానికి నిజాం ప్రభుత్వం 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును ఏర్పాటు చేసింది. పత్తర్‌గట్టి ఆ బోర్డు చలవే. కింద దుకాణాలు, వాటి ముందు ఎండావానా తగలకుండా జనం నడిచే వసారా, అందరికీ ఒకే తీరు కమాను. పెద్ద షావుకారుకు పెద్ద కమాను, చిన్న కొట్టుకు చిన్న కమాను అన్న తేడా అందులో లేదు. ఆ సమానత్వాన్ని ఇప్పుడు చెరిపేస్తున్నది బోర్డులే. దుకాణం లోపలి భాగం వ్యాపారిది, కాదనేవారు లేరు. వీధి వైపు తిరిగిన ముఖం మాత్రం ఊరందరిదీ.

నష్టం చూపుకే పరిమితమూ కాదు. బోర్డు నిలవాలంటే రాతిలో రంధ్రం వేసి ఇనుప బోల్టు దించాలి. వానకు ఆ ఇనుము తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి రాయిని చీలుస్తుంది. డంగు సున్నం పూత ఉన్న గోడలైతే ఇంకా సున్నితం. బోర్డు వెనక చేరిన తేమ ఆరే దారి లేక పూత పెచ్చులుగా రాలుతుంది. వ్యాపారి మారినప్పుడల్లా పాత రంధ్రాలను సిమెంటుతో పూడ్చి కొత్తవి వేస్తారు. పదేళ్లలో ఒక కమాను ఎన్ని గాయాలు మోస్తుందో లెక్క కట్టే శాఖ ఏదీ లేదు.

చట్టాలకు కొదవా అంటే, అదీ కాదు. 1981 నాటి జోనింగ్ నిబంధనల్లోని 13వ నిబంధన కింద 1995లో నగరంలోని వారసత్వ కట్టడాల జాబితా వెలువడింది. 2015లో ఆ నిబంధననే రద్దు చేశారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. 2020లో ప్రభుత్వం మరో ఉత్తర్వు ఇచ్చి, నేల నుంచి 15 అడుగులకు పైన ప్రకటనలను నిషేధించింది. గాలివానలకు హోర్డింగులు కూలకుండా చూడటానికి అది మేలే. పాత కట్టడాలకు మాత్రం అక్కరకు రాదు. స్తంభాలు, వాటి చెక్కడాలు, వసారా ఉండేది ఆ 15 అడుగుల లోపలే కదా! కొత్త షాపింగ్ కాంప్లెక్సుకూ, వందేళ్ల రాతి కమానుకూ ఒకే కొలబద్ద పెట్టడమే ఇక్కడి పొరపాటు.

బోర్డు చిన్నదైతే బేరాలు పోతాయన్నది వ్యాపారుల భయం. దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు, రోజు గడవడమే కష్టమైన చిన్న కొట్లు ఈ వీధుల్లో చాలా ఉన్నాయి. అయితే పక్కవాడి బోర్డు పెద్దది కావడం వల్లే ప్రతివాడూ పెద్ద బోర్డుకు డబ్బు పోస్తున్నాడు. అందరికీ ఒకే కొలత పెడితే ముందు ఊపిరి పీల్చుకునేది ఆ చిన్న వ్యాపారే. ముంబయిలో దాదాభాయ్ నౌరోజీ రోడ్డు ఇందుకు సాక్ష్యం. వాస్తుశిల్పి ఆభా నారాయణ్ లాంబా రూపొందించిన మార్గదర్శకాలతో అక్కడి దుకాణదారులు బోర్డులను కమానుల మీద నుంచి దించి కమానుల లోపలికి జరిపారు. జైపూర్ పాత నగరంలో బజారు పొడుగునా పేర్లు ఒకే తీరులో రాసి ఉంటాయి. అక్కడ బేరాలు తగ్గిన జాడ లేదు సరికదా, ఆ వరుసను చూడటానికే జనం వెళ్తున్నారు. జపాన్‌లోని క్యోటో 2007లో భవనాల నెత్తిన బోర్డులను, మినుకుమినుకుమనే దీపాల ప్రకటనలను నిషేధించి, మార్చుకోవడానికి ఏడేళ్లు గడువిచ్చింది. గడువు తీరాక పట్టు వదల్లేదు.

అంత దూరం పోనక్కర్లేదు. 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్ ఏళ్ల తరబడి రేకుల చాటున, తీగల చిక్కుల్లో మగ్గి, మరమ్మతుల తరువాత 2020 ఆగస్టులో మళ్లీ తెరుచుకుంది. ఐస్‌క్రీమ్ కోసం వచ్చినవారు ఇప్పుడు గడియార స్తంభం వైపు తలెత్తి చూస్తున్నారు.

ప్రభుత్వం చేయాల్సింది స్పష్టం. 2017 చట్టం కింద బోర్డులకు ప్రత్యేక నియమావళి తేవాలి. బోర్డు కమాను లోపలే ఉండాలి. రాతిలో కొత్త రంధ్రం పడకూడదు. లోపలి నుంచి వెలిగే ప్లాస్టిక్ డబ్బాలు పోయి, పైనుంచి పడే మెత్తని వెలుతురు రావాలి. తెలుగు, ఉర్దూ అక్షరాలను చేతితో రాసే పెయింటర్లకు ఈ పని అప్పగిస్తే, ఫ్లెక్సీల దెబ్బకు కుంచె వదిలేసినవారికి మళ్లీ ఉపాధి దొరుకుతుంది. బోర్డు మీద తెలుగు ఉండాలని శాసించగలిగిన ప్రభుత్వానికి దాని కొలతను శాసించే అధికారం లేదనడం కుదరదు. మార్చే ఖర్చులో చిన్న కొట్ల వాటాను నగరపాలక సంస్థ భరించాలి. రెండేళ్లు గడువిచ్చి, ఆ తరువాత ఎవరినీ మినహాయించకూడదు.

ఆ అమలు నాయకుల ఫ్లెక్సీలతోనే మొదలు కావాలి. పుట్టినరోజు శుభాకాంక్షలతో, స్వాగత తోరణాలతో పాత కట్టడాల ముఖాలను కప్పేస్తున్నవి వాళ్ల బొమ్మలే. పత్తర్‌గట్టిలో గాజులమ్మే కొట్టుకు నోటీసు అంటించే ముందు, అధికారులు ఆ ఫ్లెక్సీల తాళ్లు కోయాలి.