ఆరు కదలికల ఓడ, ఎనిమిది వేళ్ల బావ

ఫోన్ ఎలాగూ చేతిలోనే ఉంది కాబట్టి, ఈ వారం కాలమ్ చదివే ముందు ఓ చిన్న పని చేయండి. బ్రౌజర్ తెరిచి స్పేస్‌ఎక్స్ డాకింగ్ సిమ్యులేటర్ అని వెతకండి. 2020లో ఆ కంపెనీ జనం ఆడుకోవడానికి ఉచితంగా పెట్టింది. డౌన్‌లోడ్ లేదు, లాగిన్ లేదు. ఎదురుగా అంతరిక్ష కేంద్రం, మీ వేళ్ల కింద డ్రాగన్ నౌక. స్క్రీన్ మధ్యలో కనిపించే అంకెలన్నీ 0.2 కంటే కిందికి తెచ్చి, మెల్లగా తీసుకెళ్లి తగిలించాలి. అంతే పని. మొదటిసారి గుద్దేస్తారు. పర్లేదు, అందరూ గుద్దేస్తారు.

ఇదే డ్రాగన్‌లో 2021 నవంబర్‌లో క్రూ-3 కమాండర్‌గా నిజంగానే వెళ్లొచ్చిన రాజా చారి మూలాలు మన పాలమూరువే. వాళ్ల తాతగారిది మహబూబ్‌నగర్, హైదరాబాద్ వచ్చి ఉస్మానియాలో లెక్కలు చెప్పారు. కల్వకుర్తిలో పుట్టిన నాకు ఆ ముక్క చదివినప్పుడు కాలర్ కొంచెం లేచింది. మనకేం సంబంధం అంటారా? ఏం లేదు. అయినా లేచింది.

సరే, ఎందుకు గుద్దేస్తాం? బైక్‌కి రెండే పనులు: ముందుకు పోవడం, పక్కకు తిరగడం. మన చేతులకు ఆ రెండే అలవాటు. అంతరిక్ష నౌకకు ఆరు. మూడు రకాలుగా జరుగుతుంది: ముందుకూ వెనక్కూ, కుడికీ ఎడమకూ, పైకీ కిందికీ. మూడు రకాలుగా తిరుగుతుంది: ముక్కు పైకీ కిందికీ వంగితే పిచ్, ముక్కు కుడికీ ఎడమకూ తిరిగితే యా, రోకలిలా దొర్లితే రోల్. పైగా అక్కడ గాలి లేదు, రోడ్డు లేదు. ఒకసారి నొక్కితే వచ్చిన వేగం దానంతట అది తగ్గదు. ఆపాలంటే అటువైపు నుంచి మళ్లీ నొక్కాలి. బ్రేక్ అనే మాటే లేని బండి అనుకోండి.

ఈ ఆరింటినీ రెండు చేతులకు ఎలా పంచాలన్నది గేమర్ల కంటే ముందే నాసా తేల్చుకుంది. 1969లో చంద్రుడి దగ్గరికి వెళ్లిన అపోలోలో ఎడమ చేతికి జరిపే పిడి, కుడి చేతికి తిప్పే పిడి. రష్యా సోయుజ్‌లోనూ అదే పద్ధతి. మీ ఫోన్‌లో ఇప్పుడు తెరుచుకున్న సిమ్యులేటర్ కూడా అంతే, గమనించండి: ఎడమ వైపు జరిపే బటన్లు, కుడి వైపు తిప్పే బటన్లు. ఎలైట్ డేంజరస్ లాంటి గేముల్లో రెండు జాయ్‌స్టిక్‌లు పెట్టుకుని ఆడేవాళ్లు కూడా ఇలాగే పంచుకుంటారు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పేస్తా, తిట్టుకునేవాళ్లు తిట్టుకోండి. యూట్యూబ్‌లో చూసి చాలామంది మొదట అడిగేది హోటాస్ సెట్. అంటే ఒక చేతికి స్టిక్, ఇంకో చేతికి థ్రాటిల్. అది విమానానికి పుట్టిన సామాను. థ్రాటిల్ లివర్ ఎక్కడ పెడితే అక్కడే ఆగుతుంది, గాల్లో ఎగిరే విమానానికి అది హాయి. అంతరిక్షంలో మాత్రం పక్కకు, పైకి జరగడానికి ఆ చేతి బొటనవేలి కింద చిన్న పుల్ల లాంటిది తప్ప ఏమీ మిగలదు. డబ్బులున్నాయి, అంతరిక్షమే ఆడతాను అంటే రెండు స్టిక్‌లు తీసుకోండి. ఎడమ చేతికి కూడా సరిపోయేలా చేసిన స్టిక్ కావాలి, థ్రస్ట్‌మాస్టర్ టి-16000ఎం అలాంటిదే. కొత్తగా ఉద్యోగంలో చేరి మొదటి జీతంలో సగం దీనికి పెట్టాలనుకునేవాళ్లు మాత్రం ఆగండి. పదిహేను వందలకో రెండు వేలకో వచ్చే మామూలు గేమ్‌ప్యాడ్‌తో ఈ ఆరు పనులూ అవుతాయి. నిజంగా అవుతాయి.

లెక్క చూడండి. ప్యాడ్‌కి రెండు స్టిక్‌లు, ఒక్కోటి రెండు దిక్కులు, అంటే నాలుగు. కుడి ట్రిగ్గర్ ముందుకు, ఎడమ ట్రిగ్గర్ వెనక్కి, ఐదు. రెండు బంపర్లతో రోల్, ఆరు. నేను ఆడేది ఇలాగే. కొన్న వెంటనే విండోస్ రన్ బాక్స్‌లో జాయ్ డాట్ సీపీఎల్ అని కొట్టి, అన్ని దిక్కులూ కదులుతున్నాయో లేదో చూసుకోండి. ఎక్స్‌బాక్స్ తరహా ప్యాడ్ అయితే అక్కడ రెండు ట్రిగ్గర్లు ఒకే గీత మీద కనిపిస్తాయి. పీస్ పోయిందని రిటర్న్ పెట్టకండి, అది విండోస్ పాత అలవాటు.

ఇంకో రెండు సెట్టింగులు. స్టిక్ వదిలేసినా ఓడ మెల్లగా ఒక పక్కకు పోతుంటే డెడ్‌జోన్ కొంచెం పెంచండి, అంటే మధ్యలో చిన్న కదలికల్ని గేమ్ పట్టించుకోదు. మరీ పెంచితే స్టిక్ మొద్దుబారుతుంది. రెండోది కర్వ్. మధ్యలో నెమ్మది, అంచుల్లో వేగం వచ్చేలా పెట్టుకుంటే డాకింగ్ టైంలో చెయ్యి వణికినా ఓడ వణకదు. డ్రిఫ్ట్ గురించి ఒక మాట: మామూలు స్టిక్‌లో లోపల ఒక పలక మీద చిన్న ముక్క రుద్దుకుంటూ ఉంటుంది. అది అరుగుతుంది, దుమ్ము పడితే ఇంకా త్వరగా చెడుతుంది. మా చల్క నేలల దుమ్ము సంగతి తెలిసిందే, ఎండాకాలంలో అన్నంలో కూడా ఉంటుంది. హాల్ ఎఫెక్ట్ అని రాసి ఉన్న ప్యాడ్‌లో రుద్దుకోవడం ఉండదు, అయస్కాంతంతో పని చేస్తుంది. మూడు నాలుగు వందలు ఎక్కువైనా అదే నయం.

ఇంతవరకూ పది వేళ్లూ ఉన్నవాళ్ల సంగతి.

మా మేనత్త కొడుకు ఒకాయన ప్రొక్లెయిన్ నడుపుతాడు. నాకంటే ఐదేళ్లు పెద్ద. పాలమూరు లేబర్ అంటే దేశమంతా డ్యాములు కట్టినవాళ్లని పేరు కదా, ఇప్పుడు ఆ తట్టల పని చేసేది ఈ బండ్లే. బావకి చిన్నప్పుడు గడ్డి కోసే మిషన్‌లో కుడి చేతి చూపుడు వేలు, మధ్యవేలు పోయాయి. బండి నడపడానికి అడ్డం కాలేదు. లివర్‌ని అరచేత్తో, బొటనవేలితో పట్టేస్తాడు. దసరాకి ఇంటికెళ్లినప్పుడు నా లాప్‌టాప్‌లో ఎలైట్ చూసి తానూ ఆడతానన్నాడు. ప్యాడ్ చేతికిచ్చాను. కుడి బొటనవేలు స్టిక్ మీద బాగానే ఉంది. కుడి ట్రిగ్గర్, కుడి బంపర్ దగ్గరికి వచ్చేసరికి అక్కడ నొక్కే వేలు లేదు. ఉంగరం వేలు సాగదీసి నొక్కబోతే మణికట్టు మొత్తం వంకర తిరిగింది. పది నిమిషాలకి ప్యాడ్ మంచం మీద పెట్టేసి, "మా అసొంటోల్లకు కాదురా ఇది" అన్నాడు.

ఆ మాట నాకు నచ్చలేదు. ఇలాంటివాళ్ల కోసమే మైక్రోసాఫ్ట్ 2018లో ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ తెచ్చింది. పైన రెండు పెద్ద బటన్లు, వెనకాల 19 జాక్‌లు. కాలితో నొక్కే స్విచ్ అయినా, మోచేత్తో నొక్కేదైనా ఏదైనా తగిలించుకోవచ్చు. మంచి వస్తువు. వచ్చినప్పుడే ధర సుమారు 100 డాలర్లు, స్విచ్‌లు వేరే కొనాలి. దానికంటే ముందు ఉన్న ప్యాడ్‌తోనే చూద్దామనుకున్నా. స్టీమ్‌లో కంట్రోలర్ సెట్టింగుల్లో మోడ్ షిఫ్ట్ అని ఒకటుంటుంది. ఒక బటన్ నొక్కిపట్టినంతసేపూ స్టిక్ వేరే పని చేస్తుంది. ఎడమ బంపర్‌ని అలా పెట్టి, కుడి ట్రిగ్గర్ పనీ కుడి బంపర్ పనీ స్టిక్‌లకే ఇచ్చేశాను. పేల్చడం ఎడమ ట్రిగ్గర్‌కి. కుడి చేతికి ఒక్క బొటనవేలు చాలు.

వేళ్ల నొప్పి పోయింది గానీ ఓడ మాత్రం వినలేదు. నాసా పద్ధతిలో తిప్పడం కుడి చేతికి పెట్టా కదా. బావ ప్రతిసారీ ఎడమ స్టిక్ తిప్పుతున్నాడు, ఓడ తిరగకుండా పక్కకు జరుగుతోంది. నేను రెండుసార్లు చెప్పాను. మూడోసారి ఆయనే అన్నాడు: "ఆగురా బామ్మర్ది. మా బండిల తిప్పుడు ఎడమ చేత్తోనే. పొద్దుగూకేదాక అదే చేస్త. ఇప్పుడు కుడితోని తిప్పుమంటె చెయ్యి ఇంటదా?"

అప్పుడు కాగితం తీసుకుని ఆయన బండి లివర్లు ఏ దిక్కుకి ఏం చేస్తాయో రాయించుకున్నా. ఎడమ లివర్ పక్కలకు అంటే బండి పై భాగం తిరుగుతుంది. ఎడమ లివర్ ముందుకు తోస్తే చెయ్యి దూరంగా చాచుతుంది. కుడి లివర్ వెనక్కి లాగితే బూమ్ పైకి లేస్తుంది. కుడి లివర్ పక్కలకు అంటే బకెట్ ముడుచుకుంటుంది, విప్పుకుంటుంది. ఇప్పుడు దీన్ని ఓడ పక్కన పెట్టి చూడండి. బండి తిరగడం అంటే యా. చెయ్యి చాచడం అంటే ముందుకు పోవడం. బూమ్ లేవడం అంటే ముక్కు లేవడం, పిచ్. బకెట్ ముడుచుకోవడం అంటే రోల్. నాలుగుకి నాలుగూ సరిపోయాయి! మిగిలిన రెండు, పక్కకూ పైకీ జరగడం, ప్రొక్లెయిన్‌లో లేనివే. వాటిని ఎడమ బంపర్ నొక్కిపట్టి ఎడమ స్టిక్ కదిపితే వచ్చేలా పెట్టా. నాసా వాళ్ల పంపకం కాదిది, ఏ వీడియోలోనూ కనపడదు. కానీ ఆయన చేతులు పదేళ్లుగా నేర్చుకున్నది ఇదే.

మీది ఏ పనో చూసుకోండి మరి. ట్రాక్టరా, క్రేనా, డ్రోనా? డ్రోన్ ఎగరేసేవాళ్లకి ఎడమ స్టిక్ పైకి తోస్తే పైకి లేవడం అలవాటు. గేమ్ ఇచ్చిన డిఫాల్ట్ మీద రెండు వారాలు కుస్తీ పట్టేకన్నా, చేతికి ముందే వచ్చిన పనిని కాగితం మీద రాసి దాని ప్రకారం బటన్లు మార్చుకోవడం తేలిక.

కూర్చునే పద్ధతి కూడా ఇందులో భాగమే. పొద్దంతా కీబోర్డ్ కొట్టి రాత్రి మళ్లీ అదే మణికట్టుతో ఆడే నాలాంటివాళ్లు ఇది వదిలెయ్యద్దు. మన చేతులే మన జీతం. మణికట్టు ముంజేతితో నిటారుగా ఉండాలి, పైకి విరగకూడదు. ప్యాడ్ అయితే ఒడిలో దిండు పెట్టుకుని మోచేతులు ఆనించండి. స్టిక్ అయితే టేబుల్ మీద పెట్టకండి, మన టేబుళ్లు ఎత్తు ఎక్కువ, అరగంటలో భుజాలు చెవుల దాకా వస్తాయి. తొడల ఎత్తులో, కుర్చీకి రెండు పక్కలా ఉండాలి. అమెరికాలో అమ్మే మౌంట్లు అక్కర్లేదు, మా ఊరి వడ్ల మేస్త్రి ప్లైవుడ్ ముక్కలతో మా స్నేహితుడికి ఒక పూటలో చేసిచ్చాడు. చేతుల్లేని ప్లాస్టిక్ కుర్చీ అయితే ఇంకా సులువు. స్టిక్‌ని మెలితిప్పి యా చేసే రకం ఎక్కువసేపు ఆడితే మణికట్టు లాగుతుంది, ఆ పని పెడల్స్‌కో ఇంకో బటన్‌కో ఇచ్చేయండి. రాత్రి నిద్రలో వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే మాత్రం సెట్టింగులు మార్చడం కాదు, డాక్టర్‌కి చూపించుకోండి.

ఎలైట్‌కి కొంచెం గట్టి లాప్‌టాప్ కావాలి. అది లేకపోతే ఆర్బిటర్ ఉంది, 2000 నుంచీ ఉచితం, పాత మెషీన్ మీద కూడా నడుస్తుంది. నిజమైన కక్ష్య లెక్కలతో పని, మొదట్లో తల తిరుగుతుంది.

బావ సంగతి. ఎలైట్‌లో గిరగిర తిరిగే స్టేషన్‌లోకి సన్నని చీలికలోంచి దూరాలి, దానితో పాటు మనమూ దొర్లుతూ. మూడో రోజు రాత్రి ఎక్కడా రాసుకోకుండా దూర్చాడు. "కాలువ గట్టు చెక్కినంత సులువుంది" అన్నాడు. ఇప్పుడు ఆ ప్యాడ్ నేను తీసుకుంటే ఓడ ఎటు పోతుందో నాకే తెలీదు. స్టీమ్‌లో రెండు ప్రొఫైళ్లు పెట్టుకున్నాం, ఒకటి నా పేరు మీద, ఒకటి ప్రొక్లెయిన్ అని.