ఎండకు వెలిసిన హెచ్చరిక హెచ్చరిక కాదు



మీ ఊరి పొలిమేర మొదలు మీ పొలము గట్టువరకు ఎన్ని బోర్డులున్నవో ఎప్పుడైనను లెక్కించితిరా? ప్రదర్శన క్షేత్రపు బోర్డు, వరి రకము పేరు తెలుపు పలక, ట్రాన్స్‌ఫార్మరు వద్ద హెచ్చరిక, బావి వద్ద హెచ్చరిక - ఇట్లు ఎన్నో ఉండును. వాటిలో నేడు చదువుటకు వీలైనవి ఎన్ని? బోర్డు నిలిపిన నాటితో బాధ్యత తీరినదను భావము మనలో పాతుకొనిపోయినది. అది సరికాదని నా అభిప్రాయము. ఇది నా తప్పు వలన నేను నేర్చుకొన్న సంగతి.

నేను పనిచేయు ప్రాంతమున బాట ప్రక్కనే పిట్టగోడ లేని పాత బావి ఒకటి కలదు. రైతుతో మాట్లాడి నేనే అచ్చట రేకు బోర్డు పెట్టించితిని. తెలుపుపై "బావి ఉన్నది" అని నల్లరంగుతోను, "అపాయము, దగ్గరకు రావద్దు" అని ఎఱ్ఱరంగుతోను వ్రాయించితిని. కొన్ని వేసవులు గడచినవి. దినమును ఆ దారినే పోవుచు బోర్డు బాగుగనే ఉన్నదనుకొంటిని. ఒకనాడు నాట్లకై పొరుగూరినుండి వచ్చిన ఒక తల్లి, బిడ్డను చంకనెత్తుకొని, "సారూ, బావి ఉందని రాసినారు గదా, నీళ్లకు దిగొచ్చునా?" అని అడిగినది. దగ్గరకు పోయి చూచితిని. ఎఱ్ఱని అక్షరములు పూర్తిగా వెలిసిపోయినవి. నల్లని అక్షరములు మాత్రమే మిగిలినవి. దాహముగొన్నవారికి అది హెచ్చరిక కాదు, ఆహ్వానము! తెలిసినవాని కన్ను లేని అక్షరములను కూడ చదువును. కావున ఆ లోపము నాకు కనబడలేదు.

ఎఱుపే ముందు ఏల పోయినది? మెరుపుగల ఎఱ్ఱరంగులు పెక్కు కృత్రిమ రసాయనపు రంగుపొడులతో తయారగును. ఎండలోని అతినీలలోహిత కిరణములు ఆ పొడుల అణువులను విరుగగొట్టును. నల్లరంగునకు మూలము మసి. అది ఎండకు చెక్కుచెదరదు. మన గోడలపై పూయు కావి కూడ అట్లే నిలుచును. అది ఇనుప ఖనిజపు రంగు. కావున ముఖ్యమైన మాటను ఎప్పుడును నల్లరంగుతోనే వ్రాయింపుడు. ఎఱుపును చుట్టు గీతకు వాడుడు. బోర్డుపై వ్రేలు రాచినపుడు సుద్దవంటి పొడి అంటినచో, రంగును పట్టియుంచు జిగురు చెడినదని, మరల రంగు వేయు సమయము వచ్చినదని గ్రహింపవలెను.

ఇక బోర్డు వస్తువుల సంగతి. ఇనుప రేకునకు తుప్పు అంచులవద్దను, మేకు రంధ్రములవద్దను మొదలగును. సముద్రతీరపు ఉప్పుగాలికి అది మరింత త్వరగా వ్యాపించును. జింకు పూత గల రేకు మేలు. జింకు తాను తరుగుచు ఇనుమును కాపాడును. అల్యూమినియం రేకు తుప్పు పట్టదు గాని, ఇనుప బోల్టులతో బిగించినచో ఉప్పుతేమలో ఆ చోట తినివేయబడును. మధ్య ప్లాస్టిక్ వాషరు వేయుట మంచిది. కొయ్యపలక ఎండకు బూడిద రంగు తిరుగును. దాని గుంజ నేలమట్టమున కుళ్ళును, చెద పట్టును.

నేడు ఎక్కడ చూచినను ఫ్లెక్సీలే. పాలియెస్టరు బట్టపై పి.వి.సి. పూత పూసి దీనిని చేయుదురు. పూతకు మెత్తదనమిచ్చు పదార్థము ఎండకు క్రమముగా పోయి, అది పెళుసెక్కి చీలికలగును. ఆ చీలికలు పొలములో పడును. కాల్చినచో హైడ్రోజన్ క్లోరైడు అను ఘాటైన విషవాయువు వెలువడును. ఒక్కనాటి క్షేత్రదినోత్సవమునకు ఫ్లెక్సీ చాలును. ఏండ్ల తరబడి నిలువవలసిన హెచ్చరికకు అది తగదు.

శాశ్వతమైన హద్దులకు, హెచ్చరికలకు రాతిలో చెక్కిన అక్షరమును మించినది లేదు. కడప జిల్లా కలమళ్ళ శాసనము 6వ శతాబ్దము నాటిది. రాతిపై చెక్కినందుననే అది నేటికిని తెలుగు చరిత్రకు సాక్ష్యముగా నిలిచియున్నది.

"ఒక బోర్డునకు ఇంత శ్రమయా?" అని మీరు అడుగవచ్చును. రకము పేరు చెరిగిన ప్రదర్శన క్షేత్రమును చూచి పోయిన రైతు ఏ విత్తనము కొనవలెనో ఎరుగడు. మన ఖర్చంతయు వృథా. హెచ్చరిక చెరిగినచో పోవునది ధనము కాదు, ప్రాణము. కావున మా శాఖవారికిని, పంచాయతీవారికిని, మీకును నా మనవి యిది. బోర్డు వెనుక భాగమున దానిని నిలిపిన తేదీ వ్రాయింపుడు. దారి అనుకూలించినచో ఉత్తర ముఖముగా నిలుపుడు. సంవత్సరము మొత్తము మీద ఆ వైపు ఎండ తక్కువ. ఏటేట ఏరువాకకు ముందు ఆ ఊరు ఎరుగని వారిచేత గాని, బడిపిల్లలచేత గాని బోర్డును చదివింపుడు. వారు తడబడినచో ఆనాడే రంగు వేయింపుడు.

ఆ బావి బోర్డును నేను నల్లరంగుతో తిరిగి వ్రాయించితిని. అయినను అసలు పని పిట్టగోడ కట్టించుట. అది పూర్తియగువరకు, దినమును ఆ దారిన పోవుచు, క్రొత్తగా వచ్చినవానివలె ఆ బోర్డును చదువుచున్నాను. మీరును మీ ఊరి బోర్డులను అట్లే చదువుడు.